ముత్తవ్వ దిబ్బ మూడు రాళ్ళు

అనగా అనగా, సముద్రానికి మూడు రోజుల బండి ప్రయాణమంత దూరాన, విమలపురం అనే రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని విమలసేన మహారాజు ఏలేవాడు.

రాజు మంచివాడే. అడిగినవాడికి లేదనడు, అన్న మాట తప్పడు. కానీ ఆయనకి శుభ్రం పిచ్చి. ఆ కోటలో గిన్నెకి మూడు తోముళ్ళు. మొదట బూడిదతో, తర్వాత చింతపండుతో, చివర ఇటుకపొడితో. పట్టపుటేనుగుకి రోజుకి రెండు స్నానాలు. పంజరంలో చిలకకి సైతం తలంటు తప్పేది కాదు. పాపం, అది తుమ్ముకుంటూ రామనామం చెప్పేది.

రాజుగారి కంట మరక పడితే ఎవరి కొలువు పోతుందోనని కోటవాళ్ళకి భయం. అందుకని మరక ఉన్నచోట ఒక తివాచీయో, పూలకుండో అడ్డం పెట్టేవారు. అలా నలభై ఏళ్ళు వచ్చినా ఆ రాజు ఒక్క మరకనైనా నిదానంగా చూసిన పాపాన పోలేదు.

అటువంటి రాజుకి ఒకనాడు కోరిక పుట్టింది. పాలమీగడలాంటి తెల్లని మేడ కట్టాలి, దాని గోడలో తన ముఖం తనకి కనిపించాలి. అంతటి నునుపు రావాలంటే మేలైన సున్నం కావాలి. సున్నపు బట్టీల అధికారి శుక్లదత్తుడు దేశమంతా గాలించి వచ్చాడు.

"మహారాజా, గవ్వలపేట రేవుకి ఎదురుగా సముద్రంలో ఒక రాతి దిబ్బ ఉంది. ముత్తవ్వ దిబ్బ అంటారు. ఆ రాయిని కాల్చితే వచ్చే సున్నం ముందు వెన్నెల కూడా మాసినట్టే కనబడుతుంది" అన్నాడు.

"అయితే ఆలస్యం దేనికి? తవ్వించు" అన్నాడు రాజు.

గవ్వలపేట చేపలు పట్టుకునేవాళ్ళ ఊరు. ఆ ఊరికి ముత్తవ్వ దిబ్బే గోడ. తుఫాను అలలు దాని మీద విరిగి, ఒడ్డుకి నురగై వచ్చేవి. ఆ దిబ్బే వాళ్ళ ధాన్యపు కొట్టు. చేపలు గుడ్లు పెట్టేదీ, పిల్లలు పెరిగేదీ దాని సందుల్లోనే. శుక్లదత్తుడి మనుషులు వచ్చి రెండు వందల బండ్ల రాయి ఒడ్డున పోగేసి ఎండబెట్టారు, ఇసుకలో బట్టీలు తవ్వారు. ఊరి పెద్దలు వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డారు. రాజాజ్ఞ అన్న మాట విని తలలు వంచుకుని తిరిగొచ్చారు.

ఆ ఊళ్ళో దేవుడమ్మ అని ఒకామె ఉంది. యాభై ఏళ్ళ మనిషి, ముగ్గురు మనవలున్న మామ్మ. గవ్వలపేట ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. ప్రతి ఇంటి పెరట్లో రాతి తొట్టి పెట్టి, అందులో సముద్రపు నీరు పోసి, దిబ్బ మీద రాళ్ళు నాలుగు, నాచు గుప్పెడు వేస్తారు. పడవలు కదలని రోజుల కోసం ఎర రొయ్యల్నీ, పీతల్నీ అందులో బతికించుకుంటారు. అయితే కొత్త తొట్టిలో మండలం రోజుల దాకా చిన్న రొయ్యనైనా వెయ్యరు. నీరు పండాలి అంటారు. నీరు పండిందో లేదో చెప్పడంలో ఆ తీరం మొత్తానికి దేవుడమ్మని మించినవాళ్ళు లేరు.

ఊరంతా ఏడుస్తూ కూర్చుంటే దేవుడమ్మకి ఒళ్ళు మండింది. చద్దిమూట కట్టుకుని, నడుం బిగించి, నడిచి నడిచి విమలపురం చేరింది. సభలో రాజు ముందు నిలబడి చేతులు జోడించింది.

"మారాజా, ఆ రాల్లు బతికున్నాయి. బతికున్నదాన్ని కాల్చొద్దని సెప్పడానికి వచ్చినాను."

సభంతా గొల్లున నవ్వింది. శుక్లదత్తుడైతే పొట్ట పట్టుకుని నవ్వాడు. "రాయి బతికుందా? అలాగైతే మా ఇంట్లో రోకలి కూడా రేపో మాపో చిగురేస్తుందన్నమాట" అన్నాడు.

రాజు నవ్వలేదు. ఆయన తర్కం తెలిసిన మనిషి. సేవకుల్ని పంపి ఒక గాజు తొట్టి తెప్పించాడు. ఓడ వర్తకులు కానుకగా తెచ్చింది అది. రెండు బారల పొడవు, మూరెడు లోతు. నాలుగు పక్కలా లోపల ఏముందో కనిపిస్తుంది.

"అమ్మా, నీ రాళ్ళు ఇందులో పెట్టు. తొట్టి నిండిన నాటి నుంచి నలభై రోజులు గడువిస్తున్నాను. నలభయ్యో రోజున రాయి బతికుందని నా కళ్ళకి కనిపిస్తే దిబ్బ మీ ఊరిది. కనిపించకపోతే బట్టీలు వెలుగుతాయి. నా మాటకి తిరుగులేదు" అన్నాడు.

దేవుడమ్మ సరేనంది. ఒక్క తొట్టి మీద ఊరు మొత్తం పెట్టేసింది మరి.

రాజు ఇచ్చిన బండిలో దిబ్బ నుంచి మూడు రాళ్ళు తెచ్చింది. తడి నాచులో చుట్టి, దారి పొడుగునా సముద్రపు నీళ్ళు చల్లుకుంటూ, పసిబిడ్డల్ని తెచ్చినట్టు తెచ్చింది. పెద్ద కుండలతో నీరూ వచ్చింది. ఆమె కోట చేరేసరికి, అక్కడి తోముళ్ళకి పెద్ద అయిన కుందనమ్మ గాజు తొట్టిని కుంకుడు రసంతో తళతళా కడిగి పెట్టింది. దేవుడమ్మ దాన్ని వాసన చూసి, సముద్రపు నీళ్ళతో ఏడుసార్లు కడిగింది.

"నేను కడిగినదాన్ని మళ్ళీ కడుగుతావా?" అని కుందనమ్మ మూతి ముడిచింది.

"నీ సుబ్రం మనుషులకి బాగుంటాది తల్లీ. సముద్రానికి కుంకుడు పడదు" అంది దేవుడమ్మ.

తొట్టిని తూర్పు కిటికీ దగ్గర పెట్టించింది. అడుగున ఇసుక పరిచింది, మూడు రాళ్ళూ ఒకదానికొకటి ఆనేలా నిలిపింది, పక్కన ఆకుపచ్చ నాచు నాటింది. నీరు నిండుగా పోసి, నీటి మట్టం దగ్గర గాజు మీద కుంకంతో గీత గీసింది. ఆ పైన ఒక ముంత తీసుకుని, నీళ్ళు ముంచి, జానెడెత్తు నుంచి తిరిగి తొట్టిలోనే పోసింది. అలా నూట ఎనిమిది సార్లు. అలలు లేని చోట నీటికి ఊపిరి మనమే పొయ్యాలి అంది.

పోయడం అయ్యాక, అలుపు తీర్చుకుందామని నేల మీద కూర్చుంది. కూర్చున్న మనిషి అలాగే ఉండిపోయింది.

పుట్టి బుద్ధెరిగి దేవుడమ్మ సముద్రాన్ని పైనుంచే చూసింది. పడవలోంచి వంగి చూసింది, ఒడ్డున నిలబడి చూసింది. పక్కనుంచి, దాని కడుపులోకి చూడటం ఇదే మొదలు. ఎండ నీట్లో దిగి ఇసుక మీద గళ్ళు గళ్ళుగా ఆడుతోంది. రాతి కింద నీడలో చిన్న గుహలున్నాయి. నాచు పోగులు ఊపిరి తీసుకుంటున్నట్టు ఊగుతున్నాయి. యాభై ఏళ్ళు దీనితో బతికి దీన్నే చూడలేదే అనుకుంది. కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి.

నాలుగు రోజులు గడిచాయి. నీరు తెల్లగా, కుడితిలా మారింది. కంపు మొదలైంది. ప్రయాణంలో రాతి సందుల్లో చచ్చిన పురుగూ పుట్రా కుళ్ళడం మొదలెట్టాయి. కిటికీ పక్కనుంచి పోయే మంత్రులు ముక్కులు మూసుకుని పరుగులు తీశారు. దేవుడమ్మ మాత్రం వేలు తడిపి వాసన చూసి తలాడించింది.

"ఇది సావు నీరు. ముందు ఇదే వస్తాది. భయపడకూడదు" అని కుందనమ్మకి చెప్పింది. "ఈ రాతిలో ఒక ఊరుంది తల్లీ. అందులో కంటికి ఆనని పనోల్లు ఉంటారు. కుల్లంతా ఆల్లే తింటారు. ఇప్పుడు ఆల్లు కొద్దిమందే ఉన్నారు. పెరగాల."

కుందనమ్మకి ఆ మాట ఎక్కలేదు. పైగా దేవుడమ్మ మీద జాలి పుట్టింది. రాజుగారు ఈ కంపు చూస్తే ఈ పిచ్చితల్లి గతి ఏం కాను అనుకుంది. దేవుడమ్మ బావికి వెళ్ళిన సమయం చూసి, మూడు రాళ్ళలో పెద్దదాన్ని బయటికి తీసింది. ఆ కోటలో అందరికీ తెలిసిన పనే చేసింది. బూడిదతో ఒకటి, చింతపండుతో రెండు, ఇటుకపొడితో మూడు. రాయి మల్లెపువ్వులా తేలింది.

దేవుడమ్మ వచ్చి చూసి, బిందె దించి, గోడకి ఆనుకుని కూలబడింది.

"సుబ్రం సేసినావు గానీ సంపేసినావమ్మా" అంది.

ఆ మాట కుందనమ్మ గుండెలో గుచ్చుకుంది. సాయం చేద్దామనే కదా చేసింది. నోరు కొట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడుపు చూసి దేవుడమ్మ కోపం దిగిపోయింది. తెల్లరాయిని సముద్రపు నీళ్ళతో కడిగి, మిగిలిన రెండింటి మధ్యనే మళ్ళీ పెట్టింది.

"ఏడవకు. దాని సుట్టాలు పక్కనే ఉన్నారు కదా. ఏటి సేస్తారో సూద్దాం."

పదో రోజున రాజు మొదటిసారి వచ్చాడు. ముక్కుకి పట్టుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. రెండు నల్లని, జిగురు పట్టిన రాళ్ళనీ, వాటి మధ్య ధగధగలాడే తెల్లరాయినీ చూశాడు.

"ఇందులో చూడదగ్గది ఇదొక్కటే" అన్నాడు తెల్లరాయిని చూపించి.

"కాల్చకముందే ఇంత తెలుపైతే, కాల్చాక ఎంత తెలుపో ప్రభువులే ఊహించుకోవాలి" అన్నాడు శుక్లదత్తుడు. కుందనమ్మ తలెత్తలేకపోయింది. దేవుడమ్మ ముంత తీసుకుని తన పని తాను చేసుకుపోయింది.

ఇరవై రోజులు నిండాయి. ఒక పొద్దుటికి కంపు మాయమైంది. నీరు తేటపడి, తొట్టిలో నీరున్నదా లేదా అన్నంత నిర్మలంగా కనిపించింది. కుందనమ్మ సంబరపడిపోయింది. దేవుడమ్మ ముఖంలో మాత్రం సంబరం లేదు.

"ఇది మోసపు నీరు. కంటికి తెలవదు, ముక్కుకి తెలవదు. మొదటిదానికన్నా దీన్నే భయపడాల. దీని తర్వాత వచ్చేది అమ్మ నీరు. అప్పుడు గానీ ప్రాణాన్ని అందులో ఒగ్గకూడదు."

"అమ్మ నీరు వచ్చిందని ఎలా తెలుస్తుంది వదినా?"

"నాచు సెప్తాది. కొత్త కొసలు లేత రంగులో వస్తాయి. అప్పుడు."

ఆ మాట అంటూండగానే రాజు రెండోసారి వచ్చాడు. ఈసారి గుడ్డ అడ్డం లేదు. వెనక భటులు ఒక కుండ మోసుకొచ్చారు. నీరు తేటపడుతోందని వారం కిందటే విని, రాజు రేవు నుంచి ఏడు పసుపు చేపల్ని తెప్పించాడు. నీళ్ళలో చేపలాడితే చూడాలని ఆయనకి మనసైంది.

"ఇప్పుడే ఒద్దు మారాజా. ఇది మోసపు నీరు" అంది దేవుడమ్మ.

"అద్దంలా ఉంది. ఇందులో మోసం ఎక్కడుందమ్మా?" అన్నాడు రాజు.

"రాళ్ళలో ప్రాణం లేదు. ఆ గుట్టు బయటపడుతుందని భయం" అన్నాడు శుక్లదత్తుడు.

దేవుడమ్మ ఇంకో మాట అనబోయింది. ఎదురుగా కిరీటం, పక్కన కత్తులు. ఆమె తొట్టి దగ్గర నుంచి పక్కకి తప్పుకుంది. రాజు తన చేత్తో మూడు చేపల్ని తొట్టిలో వదిలాడు. అవి మూడు దీపాల్లా రాళ్ళ చుట్టూ తిరిగాయి. రాజు పసిపిల్లాడిలా నవ్వాడు, చాలాసేపు చూశాడు, సంతోషంగా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున మూడు చేపలూ ఇసుక మీద పక్కకి ఒరిగి ఉన్నాయి.

కుందనమ్మ తలుపు మూసి వచ్చింది. "వదినా, కుండలో ఇంకా నాలుగున్నాయి. వీటిని తీసి పూలమొక్కల్లో పాతేస్తాను. వాటిలో మూడింటిని రోజూ పొద్దున ఇందులో వేసి, రాజుగారు వెళ్ళగానే తీసేద్దాం. చేపకీ చేపకీ తేడా ఆయనకేం తెలుసు? ఈ కోటలో ఏ మరకైనా మేం అలాగే దాస్తాం" అంది.

దేవుడమ్మ చచ్చిన చేపల్ని చేతిలోకి తీసుకుంది. ఈ సంగతి బయటపడితే, ఈ రాయి ప్రాణం పోసేది కాదు, తీసేది అంటారు. నలభై రోజులు ఆగరు, ఇవాళే బట్టీలు ముట్టిస్తారు. దాస్తే మాత్రం ఇంకో ఇరవై రోజులు దొరుకుతాయి. ముగ్గురు మనవలు గుర్తొచ్చారు. అలలకి ఎదురుగా ఉన్న తన గుడిసె గుర్తొచ్చింది.

"నీ మంచి మనసుకి దణ్ణం కుందనమ్మా. ఈ రాల్లలో ప్రాణం ఉందని నిజం సెప్పడానికే ఇంత దూరం నడిచొచ్చినాను. ఒక అబద్ధం ఆడితే నా నిజం కూడా అబద్ధంలాగే కనబడతాది" అంది.

మూడు చేపల్నీ విస్తరాకులో పెట్టుకుని సభకి వెళ్ళింది. వాకిట్లో ఉన్న పరిచారకుడు హడలిపోయి, ఆకు మీద గబగబా ఒక జరీ గుడ్డ కప్పాడు. ఆమె దాన్ని తీసేసి, ఆకుని రాజు పాదాల దగ్గర పెట్టింది.

"సేపలు సచ్చిపోయాయి మారాజా. మీరు తొందరపడ్డారు. నాను అడ్డం పడాల్సింది, భయపడి నోరు మూసుకున్నాను. మన ఇద్దరి తప్పూ ఇందులో ఉంది."

శుక్లదత్తుడు చప్పున లేచాడు. "విన్నారుగా ప్రభూ. ఆ రాళ్ళు విషం. ఇవాళే బట్టీలు వెలిగించమని సెలవివ్వండి."

రాజు అతని వైపు చూడలేదు. సింహాసనం మీంచి దిగి, నేల మీద కూర్చుని, ఆకులోని చేపల్ని చూశాడు. వాటి పసుపు అప్పటికే మసకబారింది. కన్ను తెల్లబడింది. ఒక దాని రెక్క నలిగి ఉంది. నలభై ఏళ్ళలో ఆయన దగ్గరికి కడగకుండా, కప్పకుండా వచ్చిన మొదటి సంగతి అది.

"నాకెవరూ ఇలాంటివి చూపించరు" అన్నాడు. "గడువు గడువే. నలభయ్యో రోజు దాకా ఎవరూ బట్టీ ముట్టించకూడదు. అమ్మా, రేపటి నుంచి పొద్దుటిపూట ముంత నేను పట్టుకుంటాను. నీళ్ళకి ఊపిరి ఎలా పొయ్యాలో నేర్పు."

మర్నాడు రాజు నిజంగానే వచ్చాడు. ముప్పై ముంతలకే చెయ్యి లాగి, భుజం పట్టుకుని కూర్చుండిపోయాడు. మూడో నాటికి అరవై పోశాడు. వారం తిరిగేసరికి నూట ఎనిమిదీ పోసి, దేవుడమ్మ పక్కనే నేల మీద చతికిలబడి తొట్టిలోకి చూడటం నేర్చాడు.

ఒకరోజు నీరు కుంకం గీతకి రెండు వేళ్ళు దిగింది. రాజు సముద్రపు నీటి కుండ ఎత్తబోతే ఆమె ఆపింది.

"బావి నీరు పొయ్యండి మారాజా. సూరీడు తీపి నీరే తాగుతాడు. ఉప్పంతా మనకే ఒగ్గేస్తాడు."

రాజు నమ్మలేక వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. నీరు చుర్రుమనేంత ఉప్పగా ఉంది. బావి నీరు గీత దాకా పోసి కలిపి మళ్ళీ నాకాడు. సముద్రం సముద్రంలా అయింది. ఆయన ముఖంలో ఆశ్చర్యం చూసి దేవుడమ్మకి నవ్వొచ్చింది. రాజులకి కూడా ఇలా కళ్ళు విప్పారతాయా అనుకుంది.

అయినా ఆమెకి లోపల బెంగే. ముప్పై నాలుగు, ముప్పై అయిదు, ముప్పై ఆరు. ఒక్కో రోజూ గడుస్తోంది. రాళ్ళు గోధుమరంగు తుక్కు పట్టి ఊరుకున్నాయి. రాజు స్నేహం స్నేహమే, మాట మాటే. ఆయన మాట తప్పడని ఆమెకి తెలుసు. అదే ఆమె భయం.

ముప్పై ఎనిమిదో పొద్దున కుందనమ్మ కేక పెట్టింది. నాచు ప్రతి కొసకీ గోరంత లేత చిగురు, కొత్త వరి నారు రంగులో. దేవుడమ్మ వేలు తడిపి వాసన చూసింది. తన ఇంటి పెరడు వాసన వచ్చింది.

"అమ్మ నీరు" అంది నెమ్మదిగా.

నలభయ్యో రోజు వచ్చింది. రాజు, మంత్రులు, శుక్లదత్తుడు, కోటలోని జనమంతా తొట్టి చుట్టూ మూగారు. అందరూ వంగి చూశారు. రాళ్ళు కదలలేదు. ఏదీ కదలలేదు.

"పెరిగింది నాచు. నాచు బతుకుతుందని మాకూ తెలుసు. రాయి రాయిలాగే ఉంది" అన్నాడు శుక్లదత్తుడు. సేవకుడొకడికి సైగ కూడా చేశాడు, బట్టీలు వెలిగించమన్న కబురుకి గుర్రం సిద్ధం చెయ్యమని.

దేవుడమ్మ తొట్టి మీదకి వంగింది. అప్పుడు నీటి మీద నల్లగా పరుచుకున్న మనుషుల నీడలు చూసింది. వెంటనే ఆమెకి తెలిసింది.

ఈసారి ఆమె భయపడి ఊరుకోలేదు. "మారాజా, అందరినీ కూకోబెట్టండి. నీటి మీద నీడ పడకూడదు, మాట వినపడకూడదు. పెద్ద సేప వచ్చిందనుకుని ఆ రాతిలో ఊరోల్లంతా తలుపులేసుకున్నారు."

రాజు ముందుగా కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాక ఇంకెవరు నిలబడతారు? పట్టుబట్టల మంత్రులు, కత్తుల భటులు, అందరూ ఉత్త నేల మీద మఠం వేశారు. పొద్దుటి ఎండ కిటికీలోంచి వచ్చి తొట్టిలోకి దిగింది. ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

మొదట ఎడమ రాతి సందులోంచి ఒక దారం బయటికొచ్చింది. దాని చివర ఒక చిన్న విసనకర్ర విచ్చుకుంది, ఎరుపు తెలుపు చారలతో, చిటికెన గోరంత. అది నీట్లో ఏదో ఏరుకుంటున్నట్టు మెల్లగా ఊగింది. దాని పక్కన ఇంకొకటి విచ్చుకుంది. ఇంకొకటి. చూస్తూండగా ఆ రాయి నిండా విసనకర్రలే.

తర్వాత కుడి రాతి కిందనుంచి ఒక చెయ్యి వచ్చింది, వెంట్రుకంత సన్నంగా. దాని వెనక రెండోది, మూడోది, నాలుగోది, అయిదోది. అయిదు చేతుల ఒక బుల్లి నక్షత్రం ఇసుక మీదకి దిగి, వంకర్లు తిరుగుతూ, తన పని మీద తాను వెళ్ళిపోయింది. గాజు మీద ఆవగింజలంత నత్తలు బారులు తీరాయి. గోధుమ తుక్కు వెనక, రాతి ఒంటి మీద గులాబీ రంగు చాయలు, ఊదా చాయలు కనిపించాయి.

రాళ్ళు బతికున్నాయని దేవుడమ్మకి ఆమె అవ్వ చెప్పింది, అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పింది. వాళ్ళెవరూ ఇంత దగ్గరగా చూడలేదు. తను కూడా నమ్మి వచ్చిందే గాని చూసి రాలేదు. ఆమె రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి.

"వీటిని ఎవరు పెట్టారు?" అన్నాడు రాజు, గాజు దగ్గర గుసగుసగా.

"ఎవరూ పెట్టలేదు మారాజా. రాతిలోనే ఉన్నారు. ఆల్ల ఇల్లు బాగయ్యేదాకా బయటికి రాలేదు, అంతే."

శుక్లదత్తుడు తేరుకున్నాడు. "ప్రభూ, ఇదంతా నాటకం. ఎవరూ చూడనప్పుడు ఈ పురుగుల్ని ఈమే తెచ్చి వేసి ఉంటుంది."

రాజు తల తిప్పి అతన్ని చూశాడు. "చచ్చిన మూడు చేపల్ని దాచుకోవడం ఈమెకి చిటికెలో పని. దాచుకుంటే ఈమెకే లాభం. ఊరు పోతుందని తెలిసి కూడా ఆకులో పెట్టి నా ముందుకి తెచ్చింది. అలాంటి మనిషి బతికినవాటి గురించి అబద్ధం ఆడుతుందా?"



రాజు లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. తాతగారు కట్టించిన ఆ గోడ ఇన్నేళ్ళయినా మెరుస్తూనే ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించాడు. "ఈ సున్నం ఎక్కడిది?"

"అది కూడా... ఆ దిబ్బదే ప్రభూ. దాని ఉత్తరపు కొస. తమ తాతగారి కాలంలో తవ్వారు" అన్నాడు శుక్లదత్తుడు తలొంచుకుని.

"మా ఊల్లో ఉత్తర వీధి అని ఒకటి ఉండేదట మారాజా. మా అవ్వ సెప్పేది" అంది దేవుడమ్మ. "నాను పుట్టేసరికి అది సముద్రంలో ఉంది."

రాజు చెయ్యి గోడ మీద నుంచి తియ్యడానికి చాలాసేపు పట్టింది. ఆ తెల్లదనంలో ఎన్ని విసనకర్రలు, ఎన్ని నక్షత్రాలు కాలిపోయాయో ఆయన లెక్క కట్టలేకపోయాడు. కళ్ళు తుడుచుకోవాలన్న సంగతి కూడా మరిచిపోయాడు.

అప్పుడే కుందనమ్మ గొంతు వినిపించింది. ఆమె ఒక్కతే తొట్టి దగ్గర మోకాళ్ళ మీద ఉంది. అందరూ రంగులు చూస్తుంటే, ఆమె తను తోమిన తెల్లరాయినే చూస్తోంది.

"వదినా, ఇటు చూడు" అంది.

తెల్లరాయి, పక్క రాయిని ఆనుకున్న చోట, నువ్వుగింజంత గులాబీ చుక్క ఉంది. దాని పక్కన ఒక పచ్చని పోగు. ఒక ఆవగింజ నత్త ఆ తెల్లని మైదానం మీద ఒంటరిగా నడుస్తోంది.

"సెప్పాను కదా, దాని సుట్టాలు పక్కనే ఉన్నారని" అంది దేవుడమ్మ, కుందనమ్మ వీపు నిమురుతూ.

రాజు ఆ చుక్కని చూశాడు. చూసి చూసి అడిగాడు: "ఒడ్డున ఎండబెట్టిన రెండు వందల బండ్ల రాయిని తిరిగి దిబ్బ పక్కన చేరిస్తే?"

"సుట్టాలు ఆదుకుంటారు మారాజా. నిదానంగా."

బట్టీల్ని ఇసుకతో పూడ్చి, ఒడ్డున ఉన్న రాయినంతా తిరిగి దిబ్బ పక్కన చేర్చమని ఆ పూటే ఆజ్ఞ అయింది. ఆ పని శుక్లదత్తుడికే పడింది. రాజు తానే బండి ఎక్కి, మూడు రాళ్ళనీ తడి నాచులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా నీళ్ళు చల్లుకుంటూ గవ్వలపేట వెళ్ళాడు. సముద్రాన్ని ఆయన చూడటం అదే మొదలు. పట్టుబట్టలు తడిసి, కాళ్ళకి బురద అంటి, నడుం లోతు నీళ్ళలో నిలబడి తెల్లరాయిని తన చేత్తో దిబ్బ ఒడిలో పెట్టాడు. ఒడ్డున దేవుడమ్మ మనవలు ముగ్గురూ కేరింతలు కొట్టారు. వాళ్ళ వెనక వాళ్ళ గుడిసె భద్రంగా ఉంది.

తెల్లమేడ కట్టలేదు. ఏ గోడకీ కొత్త సున్నం వేయించకుండానే విమలసేనుడు ముప్పై ఏళ్ళు రాజ్యం చేశాడు. కోటలో మరకల మీద కప్పిన తివాచీలు ఒక్కొక్కటే లేచాయి, వాటి కిందనుంచి చాలా నిజాలు బయటికొచ్చాయి. చిలకకి తలంట్లు తప్పాయి, తుమ్ములు లేకుండా రామనామం చెప్పుకుంది. ఏటా మండలం రోజులు రాజు గవ్వలపేటలో ఉండి, దేవుడమ్మ పెరట్లో ముంతతో నీళ్ళు పోసేవాడు. ఆ రెండు వందల బండ్ల రాయి చేర్చిన చోట ఇప్పుడు గులాబీ రంగు దిబ్బ ఉందని అక్కడివాళ్ళు చెబుతారు.

కాబట్టి పిల్లలూ, మన కంటికి మురికిగా కనిపించినదాన్ని కడిగి పారేసే ముందు, కాల్చి బూడిద చేసే ముందు, నీడ పడకుండా పక్కన కూర్చుని ఓపికగా చూడాలి, చూసింది చూసినట్టు చెప్పాలి. దాగి ఉన్న ప్రాణం ఓపికకీ నిజానికీ తప్ప మరి దేనికీ తలుపు తియ్యదు.